హుమేరా రబ్బరు బూట్లు

తెనాలిలో పొద్దున రేపల్లె పాసింజరు ఎక్కేవాళ్ళలో హుమేరాని ఎవరైనా ఇట్టే గుర్తుపట్టేవాళ్ళు. తల మీదుగా దుపట్టా, భుజాన పెద్ద సంచి, కాళ్ళకి మోకాళ్ళ దాకా నల్లటి రబ్బరు బూట్లు. మండుటెండల్లో కూడా అవే బూట్లు. కొత్తవాళ్ళు చూసి మూతి బిగపట్టి నవ్వుకునేవాళ్ళు. రోజూ ఎక్కేవాళ్ళు మాత్రం కాస్త జరిగి చోటిచ్చేవాళ్ళు, ఆ పిల్ల సంగతి వాళ్ళకి తెలుసు గనక.

సంగతేంటంటే, హుమేరా ఉత్త కాళ్ళతో మట్టి మీద నిలబడితే వానపాములు పైకొచ్చేవి. పుట్టినప్పట్నుంచీ అంతే. తప్పటడుగులు వేసే రోజుల్లో పెరట్లో ఆమె వెనకాలే బారుగా పాకేవి. వీధి చివర సైకిల్ షాపు సైదావలి, చేపలకి గేలం వేయబోయే ముందు డబ్బా పట్టుకుని వచ్చి, "బేటా, ఒక్క నిమిషం ఇలా వచ్చి నిలబడమ్మా" అనేవాడు. మళ్ళీ తెచ్చిన చేపల్లో రెండు వాళ్ళింటికి ఇచ్చేవాడు. చీరాల నుంచి సంబంధం వచ్చినప్పుడు ఈ విషయం ముందే చెప్పేశారు. "దానికేముందండీ, మా ఇల్లంతా గచ్చే కదా" అన్నారు పెళ్ళివారు. ఆ సంబంధం తప్పింది గానీ కాళ్ళ వల్ల కాదు. అబ్బాయి మరీ పొట్టి అని జానీ బీయే వద్దంది.

జానీ బీ హుమేరా తల్లి. ఆవిడకి కూతురి కాళ్ళ గురించి బెంగ లేదు, బెంగంతా ఆవపిండి గురించి. "ఊరగాయకి దాచిన ఆవపిండి మళ్ళీ తీశావా? వానపాములకి ఘాటు పెట్టే ఉద్యోగం ఏం ఉద్యోగమే నీది? జువాలజీ చదివించింది ఇందుకా?" అని గుమ్మంలో నిలబడి రోజూ దండకం చదివేది. హుమేరా నవ్వి, బూట్లు ఎక్కించుకుని బయటపడేది.

ఉద్యోగం పాండురంగారావు గారి దగ్గర. ఆయన బాపట్లలో పాఠాలు చెప్పి రిటైరై, పొలాల్లో నేల ఎలా ఉందో చూసి చెప్పే పనులు ఒప్పుకుంటున్నారు. ఆయన లెక్కలో నేలంటే మట్టి కాదు, అందులో బతికే ప్రాణులు. టీకొట్టు ప్లాస్టిక్ గ్లాసుల్ని అంచు నేలకి సమంగా ఉండేలా పాతిపెట్టి, ఒకటి రెండు రోజులయ్యాక ఎన్ని పేడపురుగులు, ఎన్ని చీమలు, ఎన్ని సాలీళ్ళు పడ్డాయో చూస్తారు. చెక్క చట్రం నేల మీద పెట్టి, లోపల ఆవపిండి నీళ్ళు పోస్తారు. ఆ ఘాటుకి వానపాములు ఉక్కిరిబిక్కిరై పైకి వస్తాయి. వాటిని లెక్కపెట్టి మంచినీళ్ళలో కడిగి వదిలేస్తారు. నేల వేడి, తడి, ఉప్పు కూడా అక్కడే కొలుస్తారు. పనిలో చేరిన మొదటిరోజే ఆయన హుమేరాకి రబ్బరు బూట్లు కొనిచ్చి, "అమ్మాయ్, చట్రం చుట్టుపక్కల ఇవి విప్పావంటే మన లెక్కంతా గంగలో కలుస్తుంది" అన్నారు. అంతకుమించి ఆ విషయం మళ్ళీ ఎత్తలేదు.

ఆ ఏడు తొలకరి పడి వెలిసిన రోజుల్లో రేపల్లె అవతల, మురుగు కాలవ పక్కన ఉన్న ఒక ఊళ్ళో పని తగిలింది. కావేరి అనే ఆవిడ పొలం. భర్త రామకృష్ణ పోయాక మిగిలింది ఆ పొలం చెక్క, ఒక గేదె. పొలానికి ఒక పక్క మంచినీళ్ళ కాలవ, రెండో పక్క మరిది కృష్ణకాంత్ రొయ్యల చెరువు. కృష్ణకాంత్ ఆ చెరువుని ఊరి పొలాల దాకా పెంచుకుంటానని అర్జీ పెట్టాడు. చెరువు ఉప్పు పక్క పొలంలోకి ఊరుతోందని తేలితే అర్జీ కొట్టేసి, ఉన్న చెరువు కూడా ఎండగట్టమంటారు. పక్క నేల బాగానే ఉందని తేలితే పర్మిషన్ ఇస్తారు. ఇచ్చారో, కావేరి పొలం మూడు వైపులా ఉప్పునీళ్ళే. ఇక అమ్ముకోక చస్తుందా! సోమవారం ఆఫీసర్ల మీటింగు. పాండురంగారావు గారి రిపోర్టే దానికి ఆధారం.

ఇదంతా కావేరికి తెలీదు. చెప్పొద్దన్నది పాండురంగారావు గారే. "దేనికి చూస్తున్నామో చెబితే ఎవరికి కావలసినట్టు వాళ్ళు నేలని సర్దేస్తారు" అని ఆయన నియమం. నియమం మంచిదే. కాదనను. కానీ చెప్పకపోయినా సర్దేవాళ్ళు ఉంటారని ఆ పెద్దమనిషికి తట్టలేదు.

మొదటిరోజు హుమేరా గ్లాసులు పాతుతుంటే కావేరి గట్టు మీద నిలబడి చూస్తోంది. చెరువు వైపు నేల మీద ఉప్పు పేరి తెల్లగా చౌడు తేలి ఉంది. చెరువు నీళ్ళకి గాలి కొట్టే ఏరేటర్లు బుడబుడమంటున్నాయి.

"ఏం చూస్తారమ్మాయ్, ఇందులో?"

"పురుగులు, వానపాములు పిన్నీ. అవుంటే నేల బతికున్నట్టు."

"లేకపోతే?"

హుమేరా నోటిదాకా వచ్చిన మాట మింగేసింది. "చూద్దాం లెండి" అని ఊరుకుంది. ఆ మాట చెప్పేసి ఉంటే ఈ కథే లేదు.

కావేరి ఇంటికెళ్ళి అన్నం ముందు కూర్చుంది గానీ మెతుకు దిగలేదు. రెండేళ్ళుగా మరిది ఒకటే పాట: "నీ నేల చచ్చిపోయింది వదినా, నాకిచ్చేయ్." ఇప్పుడు వీళ్ళొచ్చి అదే మాట కాగితం మీద రాసేస్తే? చచ్చిన నేల నీకెందుకమ్మా అనరా? ఎవరైనా చూడ్డానికి వస్తున్నారంటే మనం ఏం చేస్తాం? ఇల్లు అలుకుతాం, దుప్పటి మారుస్తాం, పిల్లకి తల దువ్వి నిలబెడతాం. కావేరి కూడా అదే చేసింది, పొలానికి. సంగం జాగర్లమూడిలో ఉన్న అన్నకి కబురు పెట్టింది. ఆయన తన మాగాణిలోంచి వానపాముల్ని తవ్వించి, తడి గోతాల్లో వేసి, ట్రాక్టరు మీద తెచ్చాడు. కావేరి కాలవ నీళ్ళు పొలమంతా పెట్టి, ఉప్పు పొర కనపడకుండా కడిగేసి, వానపాముల్ని నారు పోసినంత జాగ్రత్తగా చల్లింది. గ్లాసుల్ని మాత్రం ముట్టుకోలేదు, సర్కారు సొత్తేమోనని.

మళ్ళీ వచ్చిన రోజు చట్రం పెట్టి ఆవపిండి నీళ్ళు పోయగానే వానపాములు కుప్పలుగా లేచాయి. గ్లాసులు చూస్తే దాదాపు ఖాళీ. పాండురంగారావు గారు కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశారు. "పురుగు లేదు, పేడపురుగు లేదు, వానపాములు మాత్రం పెళ్ళికొచ్చినట్టు వచ్చాయేంటి?" అని గొణుక్కున్నారు. ఉప్పు మీటరు కూడా తక్కువే చూపించింది.

కృష్ణకాంత్ కొబ్బరిబొండాలు కొట్టించుకుని వచ్చాడు. వానపాముల్ని చూసి మొహం చాటంత చేసుకున్నాడు.

"చూశారా సార్! మా చెరువు వల్ల ఇసుమంత నష్టం కూడా లేదు. ఇంతకంటే బతికున్న నేల ఎక్కడుంటుందండీ? ఇక పర్మిషన్ ఇచ్చినట్టే కదా. వదినా, నీ పొలం బంగారం!"

అప్పటిదాకా నవ్వుతూ నిలబడ్డ కావేరి నవ్వు అలాగే ఆగిపోయింది. "దేనికి పర్మిషన్?" అంది.

"చెరువు పెంచడానికి. ఇదంతా ఎందుకనుకున్నావ్ మరి?"

కావేరి హుమేరా చెయ్యి పట్టుకుని గడ్డివాము వెనక్కి లాక్కెళ్ళింది. గోతాలు, ట్రాక్టరు, కాలవ నీళ్ళు, అన్నీ చెప్పేసింది. "నా చేత్తో నేనే ఉరి బిగించుకున్నానమ్మా! చచ్చిందని రాస్తారేమోనని భయపడ్డాను. బతికుందని రాస్తే పోతుందని నాకేం తెలుసు? ఒక్క ముక్క చెప్పి ఉండకూడదా అమ్మాయ్?"

హుమేరాకి ఆ మొదటిరోజు గుర్తొచ్చింది. చెప్పాల్సింది. ఆ రోజు గట్టు మీద చెప్పాల్సింది.

ఆమె తిన్నగా పాండురంగారావు గారి దగ్గరికెళ్ళి, ఏదీ దాచకుండా చెప్పింది. ఆయన గొడుగు కర్ర నేలకి కొట్టారు. "అనుకున్నాను! ఆ గ్లాసులు చూసినప్పుడే అనుకున్నాను. ఈ ఉప్పులో అవి పది పదిహేను రోజులకి ఎలాగూ చస్తాయి. ఈలోగా మీటింగ్ అయిపోతుంది. తెచ్చి పోశారని నోటిమాటగా చెబితే ఎవరు నమ్ముతారు? కృష్ణకాంత్ నమ్మనిస్తాడా? నేల మళ్ళీ ఎప్పటిలా ఉంటేనే మళ్ళీ చూడగలం. పొలం నిండా పోసిన వానపాముల్ని ఎవరు ఏరతారమ్మాయ్?"

అని, మాట ఆపేశారు. ఆయన చూపు హుమేరా బూట్ల మీద పడింది. హుమేరా కూడా అటే చూసింది.

"విప్పొద్దని చెప్పింది నేను. విప్పమని కూడా నేనే చెప్పలేను. రేపు పొద్దున అందరి ముందూ ఇంకోసారి చూద్దాం. నాకు టీ తాగాలనుంది" అని ఆయన గొడుగు వేసుకుని ఊళ్ళోకి వెళ్ళిపోయారు.

హుమేరా గట్టు మీద కూర్చుని బూట్లు విప్పింది. సల్వారు మడిచి పొలంలో దిగింది. కాసేపు ఏమీ లేదు. తర్వాత అరికాళ్ళ కింద నేల కదిలింది. మట్టి పెళ్ళలు పైకి లేచాయి. ఒకటి, నాలుగు, ఆ పైన లెక్కే లేదు. ఎప్పుడూ చల్లగా తగిలే వానపాములు ఆ రోజు మండుతూ తగిలాయి. ఉప్పుకి ఒళ్ళు కమిలి, ఆమె పాదాలకి చుట్టుకుంటున్నాయి. హుమేరా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. చిన్నప్పట్నుంచీ పిలిస్తే వచ్చాయనుకుంది. ఇవి పిలవడం కోసం ఎదురుచూస్తున్నాయి.

ఆమె ఒక్కో మడీ తొక్కుకుంటూ, చెరువు పక్క మడి నుంచి కాలవ వైపు నడిచింది. వెనకాల వానపాములు. గట్టు దాటాయి, నీళ్ళ బోదె దాటాయి, డొంకరోడ్డు మీదికి ఎక్కాయి. గేదెల్ని తోలుకొస్తున్న నాగమ్మ వాటిని పక్కకి నిలిపి, "నిదానంగా దాటించమ్మా, తొందరేం లేదు" అంది. రేపల్లె బస్సు కూడా ఆగింది. కండక్టరు తల బయటపెట్టి, "అయ్యాయా అక్కా, ఇంకా ఉన్నాయా?" అని అడిగి, చివరిది దాటాక విజిలేశాడు.

కాలవ గట్టున, పచ్చగడ్డి దట్టంగా ఉన్న చోట హుమేరా చతికిలబడింది. వానపాములు చుట్టూ చేరాయి. కావేరి ఆయాసపడుతూ వచ్చింది.

"అన్నీ వచ్చేశాయా?"

"అన్నీ వచ్చేశాయి పిన్నీ. మీవి కూడా."

"మావేంటి?"

"మీ నేలలో ముందునుంచీ ఉన్నవి. లోపలెక్కడో దాక్కుని ఇంకా బతికున్నవి. నేను నిలబడితే ఒక్కటీ ఆగదు. వేరు చెయ్యాలి."

చూడ్డానికి అన్నీ ఒకలాగే ఉన్నాయి. సంచిలో ఉన్న పాండురంగారావు గారి భూతద్దంతో చూసినా తేడా తెలీలేదు. హుమేరా ఒక్కోదాన్నీ తీసి పాదం మీద పెట్టుకుంది. జాగర్లమూడివి మెత్తగా, కొత్త మంటకి విలవిల్లాడుతూ తగిలాయి. కావేరి పొలంవి గరుగ్గా ఉన్నాయి, మంటకి అలవాటు పడిపోయి ఉలకవు, పలకవు. చెరువుకి దగ్గరివైన కొద్దీ గరుకు ఎక్కువ, దాన్నిబట్టి ఏది ఏ మడిదో కూడా తెలిసిపోయింది.

"ఇది మీ అన్నయ్యది. ఇదీ మీ అన్నయ్యదే. ఇది మీది."

కావేరి కొంగు పట్టింది. బియ్యంలో రాళ్ళేరినట్టు పొద్దు వాలేదాకా ఇద్దరూ ఏరారు. జాగర్లమూడివి కాలవ గట్టు తడిలోకి దిగిపోయాయి. అంతా అయ్యాక కావేరి కొంగులో ఉన్నవి గుప్పెడు కూడా లేవు.

"ఇంతేనా?" అంది కావేరి. "మా ఆయన నాగలి పట్టిన రోజుల్లో చాలు తిప్పితే చాలు, కొంగలు ఎగబడేవి. ఇంతేనా మిగిలింది?"

"ఇంతే పిన్నీ. వీటిని మళ్ళీ మీ పొలంలో వదలాలి. వీటిలో ఎక్కువ చెరువుకి దూరంగా ఉన్న మడుల్లోంచి లేచినవే."

కావేరి కొంగు గుండెకి హత్తుకుంది. "వదలను. ఇప్పుడే కదా నీళ్ళ పక్కకి వచ్చాయి. చచ్చే చోటుకి నా చేత్తో తీసుకెళ్ళి పొయ్యమంటావా? నీకు మనసెలా ఒప్పుతోందమ్మాయ్?"

"ఒప్పడం లేదు" అంది హుమేరా. "కానీ ఇవి లేకుండా చూస్తే అసలేమీ లేదని వస్తుంది. అదీ అబద్ధమే. ఏమీ లేని నేల ఎటు పోతే ఎవరికేంటి? ఇంకా కాస్త బతికుంది, చెరువు దగ్గరికి వెళ్ళేకొద్దీ చస్తోంది. అది చెప్పగలిగేవి ఇవే. ఇంకెవరూ లేరు మీ తరఫున."

కావేరి కొంగు విప్పి వాటిని ఇంకోసారి చూసుకుంది. తర్వాత లేచి పొలం వైపు నడిచింది. హుమేరా బూట్లు తొడుక్కుని, గట్టు మీదే ఆగిపోయింది. ఏది ఏ మడిదని హుమేరా చెప్పిందో ఆ మడిలోనే కావేరి ఒక్కోదాన్నీ వంగి నేల మీద పెట్టి, పైన మట్టి కప్పింది. ప్రతిదానికీ ఏదో చెప్పింది. ఏం చెప్పిందో గట్టు మీదికి వినపడలేదు.

మర్నాడు ఎండకి ఉప్పు మళ్ళీ పైకి పేరింది. ఊరివాళ్ళు గట్ల మీద చేరారు. పాండురంగారావు గారు కాలవ వైపు నుంచి మొదలుపెట్టారు. మొదటి చట్రంలో వానపాములు కనిపించాయి. తర్వాతి దాంట్లో తగ్గాయి. మడి మడికీ తగ్గుతూ పోయాయి, ఉప్పు మీటరు ముల్లు లేస్తూ పోయింది. చెరువు పక్కన చట్రంలో ఆవపిండి నీళ్ళు పచ్చగా నిలబడ్డాయి, అంతే.

కృష్ణకాంత్ అరుపులు మొదలెట్టాడు. "నిన్న కుప్పలుగా ఉన్నవి ఏమయ్యాయండీ? ఈ పిల్ల బూట్లు విప్పి మొత్తం తోలుకుపోయింది, ఊరంతా చూసింది!"

"నిన్నటివి చుట్టాలు" అన్నారు పాండురంగారావు గారు. "జాగర్లమూడి నుంచి మీ వదిన తెప్పించుకుంది, ట్రాక్టరు కూడా ఊరంతా చూసింది. చుట్టాల్ని పంపించేశాం. ఇవాళ ఉన్నవి ఇంటివాళ్ళు. నీకు అనుమానమైతే ఆ అమ్మాయి మళ్ళీ బూట్లు విప్పుతుంది. ఈసారి నీ చెరువు గట్టు మీద."

"విప్పమనండి!"

హుమేరా చెరువు గట్టెక్కి బూట్లు విప్పి నిలబడింది. ఊరంతా ఆమె పాదాలకేసి చూసింది. ఏరేటర్ల చప్పుడు తప్ప ఏమీ లేదు. ఎండ ఎక్కింది. ఆమె నిలబడే ఉంది. మట్టి పెళ్ళ కూడా కదల్లేదు. పుట్టి బుద్ధెరిగాక హుమేరాకి అలాంటి నేల తగలడం అదే మొదటిసారి. రాయి మీద నిలబడ్డట్టు ఉంది.

కృష్ణకాంత్ చూసీ చూసీ కూలబడ్డాడు. "నేనూ అన్నయ్యా గేలాలకి తవ్వేవాళ్ళం, సరిగ్గా ఇక్కడే" అన్నాడు, ఎవరితోనో తెలీదు. "పార వేస్తే చాలు, దొరికేవి." ఆ తర్వాత ఇంకేం వాదించలేదు.

సోమవారం అర్జీ కొట్టేశారు. చెరువు ఎండగట్టమన్నారు. కావేరి పొలం కావేరికే ఉంది. అయితే మాత్రం ఏం లాభం? ఆ ఏడు ఊడ్చిన నారు ఎర్రబారి పోయింది. రెండో ఏడు గింజ పట్టీ పట్టక తాలు మిగిలింది. గేదె పాల మీద నెట్టుకొచ్చింది మనిషి. వాన పడినప్పుడల్లా గండి కొట్టి ఉప్పునీళ్ళు మురుగు కాలవలోకి తోసేది, పచ్చిరొట్ట ఎరువుకని జీలుగు చల్లి దున్నేది. ఆ గుప్పెడూ ఏమయ్యాయోనని ఎవరినీ అడగలేదు. దున్నేటప్పుడు కూడా చాల్లోకి తొంగిచూసే ధైర్యం లేకపోయింది.

హుమేరాకీ ఆ గుప్పెడే గుర్తొచ్చేది. పాసింజరులో కూర్చుంటే గుర్తొచ్చేది, ఇంట్లో జానీ బీ బియ్యం ఏరుతుంటే గుర్తొచ్చేది. "ఏంటే, అలా ఉన్నావ్?" అంటే, "ఏం లేదమ్మీ" అనేది.

మూడో ఏడు తొలకరికి కావేరి దగ్గర్నుంచి ఫోనొచ్చింది. "ఒకసారి రా అమ్మాయ్. చట్రం తేవద్దు, ఆవపిండి తేవద్దు. నువ్వు రా చాలు."

పొలం దుక్కి దున్ని తడిగా ఉంది. చౌడు తెలుపు ఎక్కడా లేదు. కావేరి చిక్కిపోయింది. "నిలబడి చూడమ్మా" అంది. "ఉన్నాయో లేవో చెప్పు. ఏదైనా సరే, ఇక ఓర్చుకుంటాను."

హుమేరా బూట్లు విప్పి గట్టు మీద పెట్టి, పొలం నడిమధ్యకి వెళ్ళి నిలబడింది. ఏమీ రాలేదు. అడుగు మార్చి నిలబడింది. ఏమీ రాలేదు. చెరువు గట్టు మీద రాయిలా తగిలిన నేల గుర్తొచ్చింది. కావేరి మొహంలోకి చూడలేకపోయింది.

"లేవు పిన్నీ" అంది ఎలాగో. "నేనే చంపించాను వాటిని."

కావేరి పార తీసుకొచ్చి, హుమేరా పాదాల పక్కనే బలంగా ఒక్క పోటు పొడిచి, మట్టి తిరగేసింది.

పెళ్ళ నిండా వానపాములే. లావుగా, నిగనిగలాడుతూ, ఒకదాన్నొకటి చుట్టుకుని ఉన్నాయి. హుమేరా మోకాళ్ళ మీద కూర్చుని వాటి పక్కనే పాదం ఆనించింది. అవి పాదం వైపు రాలేదు. మెల్లగా వెనక్కి తిరిగి, తడి మట్టిలోకి, లోపలికి దిగిపోయాయి. ఇంకో చోట తిరగేశారు. అక్కడా అంతే. ఉన్నాయి, పిలిస్తే రావడం లేదు.

"ఎందుకొస్తాయి?" అంది కావేరి, ఏడుస్తూ నవ్వుతూ. "ఇది వాటి ఇల్లు కదమ్మా."

హుమేరాకి సంతోషం ఆగలేదు, దాంతో పాటే ఏదో పోగొట్టుకున్నట్టు దిగులూ ఆగలేదు. దారిలో డొంకరోడ్డు పక్కన నిలబడి చూసింది, రాలేదు. కాలవ గట్టున నిలబడి చూసింది, రాలేదు. తన కాళ్ళలోని పిలుపు పోయిందని, ఇక ఎక్కడా రావని ఆమెకి అర్థమైంది.

వెనక నుంచి కావేరి కేకేసింది. "అమ్మాయ్! బూట్లు మర్చిపోయావ్!"

"ఉంచండి పిన్నీ" అంది హుమేరా. "నీళ్ళు పెట్టేటప్పుడు మీరు వేసుకోండి."

అని ఉత్త కాళ్ళతోనే స్టేషన్‌కి నడిచింది.